ఇంట్లో వాళ్ళ మాట

ముకర్రమ్‌కు చేతిలో టోపీ ఉంటే తప్ప నోట్లో మాట ఊరదు. ద్రాక్షపందిరి కింద వేసిన పెద్ద చెక్కమంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. పాత పేపర్ని సన్నటి పేలికలుగా చింపి, ఒక్కోదాన్నీ తడిచేసి, తొడమీద పెట్టి అరచేత్తో వత్తి చేస్తుంది. నల్ల సాటిన్‌కీ దాని కింది అస్తరుకీ మధ్య వరసలు వరసలుగా కుట్టిన సందుల్లోకి ఆ వత్తుల్ని సూదితో దూర్చాలి. అవి ఆరితేనే టోపీ బిగిసి నిలబడుతుంది. చుస్త్ టోపీ అంటే అంతే మరి. పైన నల్ల గుడ్డ, దాని మీద తెల్ల పట్టుదారంతో కుట్టిన నాలుగు మిరపకాయలు, లోపల ఎవరికీ కనపడని చిత్తుకాగితం.

“ఈ ముక్కలో ఎవరో పెద్దమనిషి ఉపన్యాసం ఉంది,” అంది ఆ సాయంత్రం, వత్తిని వేళ్ళ మధ్య తిప్పుతూ. “ఇన్నాళ్ళకి ఒకరి తలకెక్కబోతోంది.”

కోడలు దిల్దోరా టీకుండ వెనక మొహం దాచుకుని నవ్వింది. మంచానికి ఆ చివర ముకర్రమ్ భర్త సోబిత్ రొట్టె తుంచి మాంసం చారులో ముంచుకుంటున్నాడు. అతను నవ్వలేదు. తమ ఊరు చుస్త్ నుంచి పట్నం నమంగాన్‌కి, నమంగాన్ నుంచి చుస్త్‌కి మనుషుల్ని చేరవేసే షేర్ టాక్సీ అతనిది. పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తాడు. కాళ్ళూ చేతులూ కడుక్కుంటాడు, కూర్చుంటాడు, తింటాడు.

“ఎన్నికలొచ్చాయంటే చాలు, మన సందు చివర రోడ్డు తవ్వి మళ్ళీ వేస్తారు. అదే ముక్క, ప్రతిసారీ అదే ముక్క. నెలకోసారి ఎన్నికలు పెడితే బాగుండు దాదాసీ, ఏడాది తిరిగేసరికి తారు మన గడప దాకా వచ్చేది.”

భర్తను ఆ ఊళ్ళో ఆడవాళ్ళు, పిల్లల తండ్రి అన్న అర్థంలో, దాదాసి అనే పిలుస్తారు. దాదాసి రొట్టె నములుతున్నాడు.

“నిన్న టీవీలో ఆ పరాయి దేశం సీరియల్ చూశాను. ఎంత పెద్ద ఇల్లు, ఎన్ని గదులు. ఒక్కరంటే ఒక్కరు గిన్నె కడగరే. ఆ పెద్దావిడ చేత ఒక పూట గిన్నెలు కడిగిస్తే కథ రెండ్రోజుల్లో అయిపోతుంది. కుట్రలు చెయ్యడానికి తీరికెక్కడిది?”

దిల్దోరా ఈసారి పైకే నవ్వేసింది. సోబిత్ పియాలా అందుకుని టీ తాగాడు, ఖాళీది కోడలికిచ్చాడు. తర్వాత రెండు చేతులూ మొహం మీదుగా తీసి దేవుడికి దణ్ణం పెట్టుకుని, లేచి కారు టైర్లలో గాలి చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. ఊఁ అనలేదు, ఆఁ అనలేదు. ముకర్రమ్‌కు అలవాటే. గోడతో మాట్లాడుతున్నానని ఆమె ఎప్పుడో రాజీపడింది. కాకపోతే గోడ అప్పుడప్పుడు సున్నమైనా రాలుస్తుంది.

పక్కింటి ఇనోబత్ ఆ మర్నాడు పొద్దున్నే వచ్చింది. రొట్టె అప్పుకి వచ్చినప్పుడు గుమ్మం దగ్గరే నిలబడే మనిషి, ఆ రోజు చెప్పులు విడిచి మంచమెక్కి కూర్చుంది. చేతిలో ఫోను.

“మీ ఆయన్ని చూశావా?”

“పొద్దున చూశాగా. కారు తుడుచుకుంటున్నాడు.”

“అది కాదే పిచ్చిదానా. ఇందులో చూశావా అని.”

ఫోన్లో సోబిత్ ఉన్నాడు. పక్కనుంచి తీశారు, చెవీ, సగం మీసం, స్టీరింగు మీద ఒక చెయ్యి కనిపిస్తున్నాయి. ముకర్రమ్ ముందు ఆ చేతినే గుర్తుపట్టింది. గొంతు గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. అంత హుషారుగా ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు.

“నెలకోసారి ఎన్నికలు పెట్టాలి,” అంటోంది ఆ గొంతు. “ఏడాది తిరిగేసరికి తారు మన గడప దాకా వస్తుంది.”

కారులో ఎవరో పగలబడి నవ్వారు. ఇనోబత్ వేలితో తోసింది. ఇంకో వీడియో. ఇందులో సోబిత్ ఫోన్ల గురించి చెబుతున్నాడు. మొహం చూసి మాట్లాడే ఫోన్లు వచ్చాక అబద్ధమాడటం కష్టమైపోయిందట, అందుకే జనం సిగ్నల్ లేదు అన్న మాట కనిపెట్టారట. ఇంకొకటి. పెళ్ళిళ్ళలో పాటల మోత అంతలా ఎందుకు పెడతారంటే, చుట్టాలు ఒకరితో ఒకరు మాట్లాడుకుని పెళ్ళి పాడుచెయ్యకుండా ఉండటానికట.

“నమంగాన్ అంతా చూస్తోందట,” అంది ఇనోబత్ కళ్ళు తుడుచుకుంటూ. “కింద ఏం రాశారో చూడు. చుస్త్ మేధావి అట. ఈ నోటికి తేనె రాశారు అట. ఇంట్లో కూడా ఇలాగే నవ్వించి చంపుతాడా నిన్ను?”

 తారు మాట ముకర్రమ్‌ది. సిగ్నల్ మాట ఆమెది, పెద్దకొడుకు ఫోన్ ఎత్తని రోజున అన్నది. పెళ్ళి మాట ఆడపడుచు మనవడి పెళ్ళి విందు నుంచి తిరిగొచ్చి, నొప్పెడుతున్న చెవిలో వేడి నూనె వేసుకుంటూ అన్నది. ఒక్క అక్షరం పోలేదు. ఎక్కడ ఆగిందో అక్కడ ఆగాడు, ఎక్కడ సాగదీసిందో అక్కడ సాగదీశాడు.

అవి నా మాటలే అని ఇనోబత్‌తో అనొచ్చు. అంటే ఇనోబత్ ఏమనుకుంటుంది? మొగుడికి నాలుగు మంచి మాటలు వస్తే ఓర్వలేకపోతోంది అనుకుంటుంది. ఆ సాయంత్రానికి వీధంతా అనుకుంటుంది.

“పొయ్యి మీద పాలున్నాయి,” అని లేచింది ముకర్రమ్. పొయ్యి మీద ఏమీ లేదు. వంటింట్లో కాసేపు ఊరికే నిలబడింది. ఇంట్లో దొంగలు పడి, ఒక్క తాళమూ పగలకుండా అంతా పట్టుకుపోయినట్టు అనిపించింది ఆమెకు. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

ఆ సాయంత్రం ముకర్రమ్ మాట్లాడలేదు.

వత్తులు చేసింది. సూదితో దూర్చింది. అంచు చుట్టూ వచ్చే చిన్న చిన్న కమానుల్లో ఒక వరస పూర్తి చేసింది. సోబిత్ రొట్టె తుంచాడు, చారులో ముంచాడు, ముంచిన ముక్క నోటి దాకా తీసుకెళ్ళి ఆగాడు. ఇటు చూశాడు. ముకర్రమ్ దారం పళ్ళతో కొరికి తెంపింది.

టీ పొయ్యడానికి దిల్దోరా చెయ్యి చాపితే, “ఇటివ్వు, నేను పోస్తాను,” అంది. ఆ రోజు ఇంట్లో ఆమె అన్న ఒకే ఒక్క మాట అది. కుండ తీసుకుని భర్త పియాలాలో పోసింది. సగం దగ్గర ఆపలేదు. అంచు దాకా పోసింది, ఇంకో చుక్క పడితే ఒలికేలా.

 కావలసిన మనిషికి పియాలా అడుగున కాస్త పోస్తారు, అయిపోగానే మళ్ళీ పోస్తారు, మళ్ళీ పోస్తారు. నిండా పోశారంటే తాగి వెళ్ళమని. మామగారికి ఆ ఇంట్లో అలా పొయ్యడం దిల్దోరా ఇంతవరకు చూడలేదు. సోబిత్ ఆ పిడిలేని పియాలా వంక చూశాడు. పట్టుకోవడానికి చోటులేక వేళ్ళు కాలుతుంటే రెండు చేతులా ఎత్తి, చప్పుడు చెయ్యకుండా మొత్తం తాగాడు. టైర్ల దగ్గరికి వెళ్ళలేదు. ఖాళీ పియాలా చేతిలో తిప్పుతూ అక్కడే కూర్చున్నాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఈ మౌనం ఎవరి మీదో ముకర్రమ్‌కు తెలుసు కానీ దిల్దోరాకు తెలియదు. కోడలన్నాక అత్తగారు మాట్లాడటం మానేస్తే తప్పు తనదే అనుకుంటుంది. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చింది. ఊడ్చిన వాకిలి మళ్ళీ ఊడ్చింది. పక్కింటి గుమ్మం దాకా వీధి కూడా ఊడ్చి నీళ్ళు చల్లింది. తోమిన ఇత్తడి కుండలు దించి మళ్ళీ తోమింది. మూడో రోజుకి చేతులకి బొబ్బలు లేచాయి, ఆ చేతులతోనే వచ్చి ముకర్రమ్ ముందు కూర్చుంది.

“అయా,” అంది అత్తగారిని, అమ్మా అన్నట్టు. “పిండిలో ఉప్పెక్కువైందా?”

“లేదే.”

“మా అమ్మ ఏమైనా అందా?”

“మీ అమ్మేమంటుంది? బంగారం లాంటి మనిషి.”

“మరి నన్ను తిట్టండి అయా. తిట్టేస్తే అయిపోతుంది కదా.”

ముకర్రమ్‌కు ఆ పిల్ల చేతులు చూసి సిగ్గేసింది. వంటింట్లోంచి గొర్రెకొవ్వు తెచ్చి బొబ్బలకి రాసింది. “నీ మీద కాదమ్మా,” అంది. “ఇక వీధి ఊడ్వకు. మన వాకిలి చూసి ఇనోబత్ తన కోడల్ని తిడుతోంది.” అంతకుమించి చెప్పలేదు.

అసలు సంగతి ఏమిటంటే ముకర్రమ్‌కు కడుపు ఉబ్బిపోయింది. మాటలు బయటికి పోవడం అలవాటైన మనిషి. పేపర్లో ఏదో కొత్త చట్టం వార్త వచ్చింది. వత్తి చేస్తూ చదివితే దాని మీద మూడు మాటలు తోచాయి, మూడూ మింగేసింది. సీరియల్లో పెద్దావిడకి మతిపోయింది, దాని మీద ఒకటి తోచింది. అదీ మింగింది. చెప్పకుండా కుడుతుంటే చెయ్యి కూడా మొరాయించింది. ఒక మిరపకాయ తోక పక్కకి వంగిపోతే విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది.

ఇంతలో ఇనోబత్ మళ్ళీ కబురు మోసుకొచ్చింది. నమంగాన్‌లో ఇంటర్నెట్లో కార్యక్రమాలు చేసేవాళ్ళు సోబిత్‌ను పిలిచారట. శనివారం ఒక చాయ్‌ఖానాలో కూర్చోబెట్టి, ఎదురుగా కెమెరా పెట్టి, గంటసేపు మాట్లాడిస్తారట.

“గంటసేపా?” అంది ముకర్రమ్.

“అవునే. ఏది తోస్తే అది మాట్లాడమన్నారట. మీ ఆయనకి తోచడానికేం కొదవ.”

తోచనీ, అనుకుంది ముకర్రమ్. తన జేబులో ఏముందో తడుముకోనీ. కెమెరా ముందు నోరెండిపోయి కూర్చున్న సోబిత్‌ని ఊహించుకుంది, కాసేపు హాయిగా ఉంది. తర్వాత ఆ ఊహలోనే అతను మొహం తుడుచుకోవడానికి జేబురుమాలు వెతుక్కున్నాడు, అది ఎప్పుడూ ఇంట్లోనే మర్చిపోతాడు. ఆ హాయి అక్కడితో పోయింది.

శుక్రవారం తయారైన టోపీలన్నీ ఒకదాంట్లో ఒకటి దొంతరగా పెట్టి గుడ్డలో కట్టింది. వాటిని నమంగాన్ బజారులో దుకాణానికి ఇచ్చి రావడం సోబిత్ పని. ఈసారి తనే తీసుకెళ్ళాలనుకుంది. టోపీలు సాకు. అతను బయట ఎలా ఉంటాడో, తన మాటలు ఏ మొహం పెట్టుకుని చెబుతాడో తన కళ్ళతో చూడాలి. చూసి, ఆ కారులోనే, అందరి ముందూ, ఇవి నావి అని చెప్పెయ్యాలి. ఆ తర్వాత ఏమైనా కానీ.

టాక్సీల అడ్డాలో సోబిత్ తన తెల్లకారు పక్కన నిలబడి అరుస్తున్నాడు. “నమంగాన్, నమంగాన్, ఒక్క సీటు, ఒక్క సీటే.” ఆమెను చూసి అరుపు సగంలో ఆపేశాడు.

“ఒక్కరికి చోటుందా?” అంది ముకర్రమ్, పరాయి డ్రైవరుని అడిగినట్టు.

సోబిత్ గొంతు సవరించుకున్నాడు. “ఉంది,” అని వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. ఏ ప్రయాణికురాలికీ అతను తలుపు తియ్యడని ఆ తలుపు కిర్రుమన్న తీరు చూస్తేనే తెలుస్తోంది.

ముందు సీట్లో పెద్దాయన ఒకరున్నారు. మిగతావాళ్ళు ఆయన్ని తాత వరస కలిపి ఖోల్మత్ ఓతా అని పిలుస్తున్నారు. ఆయన నెత్తి మీద చుస్త్ టోపీ ఉంది. వరసలు వంకర, తన చేతిది కాదు అని ముకర్రమ్ వెంటనే తేల్చుకుంది. వెనక ఆమె పక్కన సయోరా అనే నర్సు, ఆ పక్కన చదువుకునే పిల్ల ఒకతి, పేరు నిగీనా. ముగ్గురూ రోజూ ఇదే కారులో వెళ్ళేవాళ్ళలా ఉన్నారు. ముకర్రమ్ ఎవరో వాళ్ళకి తెలియదు. సోబిత్ చెప్పలేదు, ఆమె కూడా చెప్పలేదు.

కారు ఊరు దాటింది. పత్తి చేలు మొదలయ్యాక ఖోల్మత్ ఓతా అన్నాడు.

“ఏం సోబిత్, ఇవాళా అంతేనా? మీ ఇంట్లో వాళ్ళు ఇంకా నోరు విప్పలేదా?”

ముకర్రమ్ చేతిలో మూట ముడి బిగుసుకుంది. నలుగురిలో పెళ్ళాం పేరెత్తే మగవాడు చుస్త్‌లో లేడు. ఇంట్లో వాళ్ళంటే ఎవరో కారులో అందరికీ తెలుసు.

“లేదు ఓతా,” అన్నాడు సోబిత్.

“మా వార్డులో నన్ను చంపుతున్నారు,” అంది సయోరా. “పొద్దున డ్యూటీకి వెళ్ళగానే పేషెంట్ల దగ్గర్నుంచి అందరూ అడుగుతారు, ఇవాళ సోబిత్ అకా వాళ్ళింట్లో ఏమన్నారని. వారం నుంచి ఏం చెప్పాలో తెలియక నేనే ఏవో కల్పిస్తున్నాను. ఒక్కరూ నవ్వట్లేదు.”

“నాకైతే పెట్టడానికి వీడియోనే లేదు,” అంది నిగీనా.

ముకర్రమ్ ఆ పిల్లవైపు తిరిగింది. “ఆ వీడియోలు తీసేది నువ్వేనా అమ్మా?”

“నేనే ఒపా, చూశారా?” అంది నిగీనా, అక్కా అన్న వరసలో.

“చూశాను. వాటిల్లో ఇంట్లో వాళ్ళ ఊసే లేదే?”

“అది నేనే కోసేస్తాను. అకా ఎప్పుడూ మధ్యలోంచి మొదలుపెట్టరు. రాత్రి మా ఇంట్లో వాళ్ళు ఒక మాటన్నారు అంటారు. ఎక్కడ కూర్చుని అన్నారు, చేతిలో ఏ పనుంది, చెబుతూ సూది ఎక్కడ ఆపారు, అదంతా అయ్యాక గానీ అసలు మాట చెప్పరు. అంతసేపు ఎవరు చూస్తారు ఒపా? వేలితో తోసేస్తారు. అందుకని ముందుదంతా తీసేసి మాట ఒక్కటే ఉంచుతాను.”

సూది ఎక్కడ ఆపిందో కూడా. ముకర్రమ్ కిటికీలోంచి బయటికి చూసింది. ఇన్నాళ్ళూ ఆ మనిషి రొట్టె వంక చూస్తున్నాడనుకుంది. ఒకేసారి సంతోషమూ ఏడుపూ వచ్చి, ఏది ముందు ఆపుకోవాలో తెలియక తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుంది.

“గొడవేమైనా పడ్డారా?” అడిగాడు ఖోల్మత్ ఓతా.

“గొడవైతే బానే ఉండేది.” సోబిత్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. “పియాలా నిండా పోస్తోంది ఓతా.”

“అంచు దాకానా?” అంది సయోరా.

“అంచు దాకా.”

పెద్దాయన గడ్డం నిమురుకున్నాడు. “అయితే పెద్దదే.”

“ఏం చేశానో తెలియట్లేదు,” అన్నాడు సోబిత్.

“ఏమైందని అడగొచ్చుగా అకా,” అంది సయోరా.

“అడగడం నాకు రాదు చెల్లీ. ఇన్నేళ్ళూ తను చెప్పింది, నేను విన్నాను. ఆగిపోతుందని ఎప్పుడైనా అనుకుంటే కదా అడగడం నేర్చుకునేది.”

“రేపు చాయ్‌ఖానాలో ఏం చెబుతావు మరి?”

“రానని చెప్పేశాను. మీకు కావలసిన మనిషిని నేను కాదు, ఆ మనిషిని మీ దగ్గరకి తీసుకురావడం నా చేతిలో లేదు అన్నాను.”

 అద్దంలో సోబిత్ కళ్ళు ఒక్కసారి వెనక్కి వచ్చి, వెంటనే రోడ్డు మీదకి పోయాయి. ఇవి నావి అని చెప్పడానికి వచ్చిన ముకర్రమ్‌కు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆమెవని ఇక్కడ అందరికీ ముందే తెలుసు.

“వచ్చే నెల నుంచి మన దారిలో కూడా ఫోన్ నొక్కితే గుమ్మంలోకే కారు వస్తుందట,” అన్నాడు ఖోల్మత్ ఓతా, మాట మార్చడానికి. “ఇలా అడ్డాలో పడిగాపులు ఉండవట. దీని మీద మీ ఇంట్లో వాళ్ళు ఏమంటారో వినాలనుంది నాకు.”

“రానివ్వండి,” అంది ముకర్రమ్.

అందరూ ఆమె వైపు చూశారు. చేతిలో సూది లేదు. అయినా మాట వచ్చేసింది.

“ఈ డ్రైవర్లు పొద్దుటినుంచి నమంగాన్ నమంగాన్ అని అరిచి, గొంతంతా అడ్డాలో పారబోసుకుని ఇంటికొస్తారు. ఇంట్లో ఆడవాళ్ళకి మిగిలేది మీసం ఒక్కటే. ఆ అరిచేదేదో ఫోనే అరిస్తే సాయంత్రానికి ఒకటో అరో మాట మిగులుతుంది. ఇన్ని యంత్రాలు వచ్చాయి, ఆడదానికి మేలు చేసేది ఇదొక్కటే కనిపిస్తోంది.”

నిగీనా నవ్వు మొదలుపెట్టి ఆపేసింది. సయోరా ముకర్రమ్‌ను చూసింది, అద్దంలో సోబిత్‌ను చూసింది, మళ్ళీ ముకర్రమ్‌ను చూసింది. ఖోల్మత్ ఓతా సీటులో మొత్తం ఒళ్ళంతా వెనక్కి తిప్పి, చాలాసేపు చూశాడు.

“బండి పక్కకి తియ్యి సోబిత్.”

మల్బరీ చెట్ల కింద కారు ఆగింది. పెద్దాయన మోకాళ్ళు పట్టుకుని దిగి, చుట్టూ తిరిగొచ్చి వెనక తలుపు తీశాడు.

“ముందుకి రామ్మా.”

“అయ్యో వద్దు ఓతా. పెద్దవారు, అది మీ సీటు.”

“నీ మాట వినడానికేనమ్మా ఈ సీటు కోసం రోజూ అందరికంటే ముందొచ్చి కూర్చుంటున్నాను. ఇప్పుడిక దీంతో నాకేం పని?”

ముకర్రమ్ మూట పట్టుకుని దిగింది. ఆ కారులో ముందు సీట్లో అత్తగారు కూర్చున్నారు, కొడుకులు కూర్చున్నారు, వియ్యంకులు కూర్చున్నారు. ఆమె ఎన్నడూ కూర్చోలేదు. సర్దుకుని, మూట ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా రోడ్డు ఇంత వెడల్పుగా కనిపిస్తుందా అనుకుంది.

సోబిత్ గేరు వేశాడు. కారు కొంత దూరం పోయాక నెమ్మదిగా అన్నాడు.

“ఆ మాట మాత్రం తప్పు.”

“ఏ మాట?”

“గొంతు పోయి కాదు నేను మాట్లాడనిది.” ఒక లారీని దాటేదాకా ఆగాడు. “నువ్వు ఆపితే కదా.”

వెనక సీట్లో ముగ్గురూ ఒక్కసారిగా నవ్వారు. ముకర్రమ్ చెవులు వేడెక్కాయి. జవాబు నాలుక చివరి దాకా వచ్చింది, కానీ సోబిత్ ఇంకా అయిపోలేదు.

“ఇంకోటి. ఫోన్లో పిలిస్తే ఒక్కడే ఎక్కుతాడు, ఒక్కడే దిగుతాడు. నాలుగో మనిషి రాలేదని ఎండలో నిలబడి నన్ను తిట్టుకుంటారు చూడు, ఈ ఖోల్మత్ ఓతా, ఈ సయోరా, వీళ్ళంతా ఒకరికొకరు తెలిసింది అప్పుడే. ఆ తిట్టుకునే కాసేపు లేకపోతే నా కారులో వీళ్ళెవరూ లేరు.”

ముకర్రమ్ ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తను ఎప్పుడన్నదా అని వెతికింది. పందిరి కింద అనలేదు, పొయ్యి దగ్గర అనలేదు, చెవిలో నూనె వేసుకుంటూ కూడా అనలేదు. ఇది ఆమె మాట కాదు. ఇన్నేళ్ళుగా మంచానికి ఆ చివర కూర్చుని రొట్టె నమిలిన మనిషి దగ్గర సొంత మాట ఒకటుందని ఆమెకు తెలియనే తెలియదు. తెలుసుకుందామని ఆమె ఒక్క పూట కూడా ఆగలేదు.

“మీరన్నది ఉత్త తప్పు దాదాసీ,” అంది. ఎందుకు తప్పో ఆమెకు ఇంకా తోచలేదు. ఆ తోచకపోవడం కూడా బాగానే ఉంది. “ఎండలో నిలబడేది మీరు కాదుగా, అందుకని అలా అంటున్నారు.”

“నేను కాకపోతే ఎవరు? పొద్దుటినుంచి నిలబడేది నేనే.”

“మీకు నెత్తిన టోపీ ఉంది. ఎవరు కుట్టారు అది?”

“ఎండ గురించి మాట్లాడుతుంటే టోపీ ఎందుకొచ్చింది?”

నమంగాన్ పొలిమేర వచ్చింది. ఖోల్మత్ ఓతా దిగాల్సిన మలుపు కుడివైపు కనిపించి, వెనక్కి వెళ్ళిపోయింది. ఆయన దాన్ని చూశాడు. ఏమీ అనకుండా సీటుకి జారగిలబడి వింటూ కూర్చున్నాడు.